షుగర్ అంకెల్ని ఇద్దరూ కలిసి చదవాలి

మన దేశంలో షుగర్ జబ్బు ఉన్నవారు 10 కోట్ల పైచిలుకని భారత వైద్య పరిశోధన మండలి చేయించిన దేశవ్యాప్త సర్వే 2023లో తేల్చింది. వీరిలో క్రమం తప్పకుండా వైద్యం చేయించుకుంటున్నవారు కూడా డాక్టరు గారి ముందు కూర్చునేది మామూలుగా మూడు నెలలకోసారి. చేతిలో ల్యాబ్ రిపోర్టు ఉంటుంది: పరగడుపున ఇంత, తిన్న తర్వాత ఇంత, మూడు నెలల సగటు ఇంత. ఆ మూడు అంకెల్ని చూసి డాక్టరు మందు పెంచుతారు, తగ్గిస్తారు, లేదా అదే వాడమంటారు. మధ్యలో గడిచిన తొంభై రోజుల్లో ఏ రాత్రి షుగర్ పడిపోయి చెమటలు పట్టాయో, ఏ పూట తిండి తర్వాత మూడు వందలు దాటిందో ఆ గదిలోకి రాదు. అది ఇంట్లో బీరువా మీదున్న గ్లూకోమీటర్ జ్ఞాపకంలోనో, చేతికి అతికించుకున్న సెన్సర్ తాలూకు ఫోన్ యాప్‌లోనో ఉండిపోతుంది. ఆ సమాచారం డాక్టరుకు చేరాలి. అయితే చేరినంత మాత్రాన జబ్బు అదుపులోకి రాదు. రోగి, వైద్యుడు దాన్ని కలిసి చదివి, చదివినదాన్నిబట్టి ఏదో ఒకటి మార్చినప్పుడే దానికి విలువ. ఈ రంగంలో గత నలభై ఏళ్లలో జరిగిన పరిశోధనలు నాకు చెబుతున్నది ఇదే.

మూడు నెలల సగటు చాలదా అని అడగవచ్చు. హెచ్‌బీఏ1సీ అనే ఆ పరీక్షను తక్కువ చేయడానికి లేదు. అమెరికా, కెనడాల్లో 1,441 మంది టైప్ 1 రోగులతో జరిగి, 1993లో ఫలితాలు వెలువడిన పెద్ద అధ్యయనం, ఆ అంకెను ఏడు దగ్గరికి దించితే కంటి పొర దెబ్బతినే ప్రమాదం 76 శాతం తగ్గుతుందని చూపించింది. ఇవాళ్టి షుగర్ వైద్యమంతా ఆ పునాది మీదే నిలబడింది. కానీ అదే అధ్యయనంలో, షుగర్‌ను గట్టిగా అదుపు చేసినవారికి ప్రమాదకరంగా పడిపోయే ఘటనలు మూడు రెట్లయ్యాయి. సగటులో ఇది కనబడదు. ఏడు శాతం అంటే ప్రతి వంద మిల్లీలీటర్ల రక్తంలో సగటున 154 మిల్లీగ్రాముల చక్కెర. రోజంతా 120కీ 190కీ మధ్య తిరిగే మనిషికీ, రాత్రి 50కి పడి మధ్యాహ్నం 300కి ఎక్కే మనిషికీ అదే ఏడు రావచ్చు. ఇద్దరికీ ఒకే చీటీ రాస్తే రెండో మనిషికి అన్యాయం జరుగుతుంది. దీనికి తోడు ఇనుము లోపంతో వచ్చే రక్తహీనత ఈ పరీక్ష ఫలితాన్ని ఉన్నదానికంటే ఎక్కువగా చూపించగలదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉంది. మన ఆడవాళ్ల విషయంలో ఆ ఒక్క అంకెను నమ్ముకుని ఇన్సులిన్ పెంచేముందు ఇంటి దగ్గరి లెక్కలు చూడక తప్పదు.

ఆ లెక్కల్ని డాక్టరుకు అందించే పనిలో మొదటి పాఠం కటువుగానే వచ్చింది. 1984లో అమెరికాలో రోజర్ మేజ్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు కొందరు రోగులకు గ్లూకోమీటర్లు ఇచ్చారు. చూసిన ప్రతి అంకెనూ తేదీ, వేళలతో సహా దాచుకునే చిప్ వాటిలో ఉంది. ఆ సంగతి రోగులకు చెప్పలేదు. ఎప్పటిలాగే పుస్తకంలో రాసుకు రమ్మన్నారు. తర్వాత పుస్తకాన్నీ చిప్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ కలవలేదు. చాలామంది పుస్తకంలో సగటు అసలుకంటే తక్కువగా ఉంది. ఎక్కువ వచ్చిన అంకెలు కొన్ని పుస్తకానికి ఎక్కలేదు. పరీక్షే చేయని వేళల్లో అంకెలు పుట్టుకొచ్చాయి. ఆ పుస్తకాల్ని బట్టి మందుల మోతాదు నిర్ణయిస్తున్న వైద్యులకు ఇది చిన్న విషయం కాదు. మీటరులో జ్ఞాపకం ఉందని తెలిశాక రోగులు రాసే లెక్కలు సరిగ్గా ఉన్నట్టు ఆ తర్వాతి పరిశీలనలో తేలింది.

ఈ ఫలితాన్ని రెండు రకాలుగా అర్థం చేసుకోవచ్చు. రోగులు అబద్ధమాడతారు, కాబట్టి యంత్రంతో పట్టుకోవాలి అనుకోవడం ఒక పద్ధతి. వైద్యరంగం చాలాకాలం ఇటే మొగ్గింది. రోగి మాట అడగకుండా మీటరు లాక్కుని పాత అంకెలు తిప్పిచూసే అలవాటు అలా వచ్చిందే. నేను వేరే ప్రశ్న దగ్గర ఆగుతాను. తన ఒంటి గురించిన అంకెను తన డాక్టరు దగ్గరే దాచుకోవాల్సిన అవసరం మనిషికి ఎందుకొచ్చింది? 280 అని రాస్తే తిట్లు పడతాయని తెలుసు కనుక. మన ఓపీల్లో ‘స్వీట్లు తిన్నావా, నడక మానేశావా’ అన్నది వైద్య ప్రశ్నలా మొదలై నిందలా ముగుస్తుంది. పెళ్లివారింట్లో భోంచేసి వచ్చిన మర్నాడు పరీక్షే మానేసేవారు, డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు నాలుగు రోజులు మాత్రం పథ్యం చేసేవారు మన మధ్య కొత్త కాదు. పెరిగిన షుగర్‌కు కారణం స్టెరాయిడ్ మాత్ర కావచ్చు, జ్వరం కావచ్చు, ఎండలో పాడైన ఇన్సులిన్ సీసా కావచ్చు. ఒకేచోట పదేపదే సూది గుచ్చి గట్టిపడ్డ చర్మం కూడా కావచ్చు. అంకె బయటికొస్తేనే ఆ కారణం దొరుకుతుంది. దాన్ని బయటపెట్టే ధైర్యం మాత్రం యంత్రం ఇవ్వలేదు, ఎదురుగా కూర్చున్న వైద్యుడు ఇవ్వాలి.

మేజ్ పని అక్కడితో ఆగలేదు. వందల కొద్దీ అంకెల్ని ఒక్క పటంగా ఎలా చూపించాలో ఆయన బృందం 1987లో ప్రతిపాదించింది. అదే తర్వాత మెరుగుపడి ఇవాళ నిరంతర గ్లూకోజ్ సెన్సర్ల రిపోర్టుగా మన ముందుకు వస్తోంది. మోచేతి పైభాగాన అతికించే ఈ సెన్సరు చర్మం కింది ద్రవంలోని గ్లూకోజ్‌ను కొద్ది నిమిషాలకోసారి కొలుస్తుంది. అయిదు నిమిషాలకోసారి అనుకున్నా రోజుకు 288 అంకెలు. వాటిని వరసగా చదవడం ఎవరి తరమూ కాదు. పద్నాలుగు రోజుల గీతల్ని ఒకే ఇరవైనాలుగు గంటల పటం మీద ఒకదానిపై ఒకటి పరిస్తే మాత్రం మనిషి దినచర్య కళ్లకు కడుతుంది. ఉదయం ఇడ్లీల తర్వాత గీత ఎంత నిటారుగా లేచిందో, రాత్రి రెండు గంటల వేళ ఎక్కడ గుంట పడిందో పామరుడికీ తెలుస్తుంది. 2019లో అంతర్జాతీయ నిపుణులు దీనికి కొలబద్దలు కూడా పెట్టారు. పెద్దవాళ్లలో ఎక్కువమందికి షుగర్ 70కీ 180కీ మధ్య రోజులో 70 శాతానికి మించిన సమయం ఉండాలి, 70 కన్నా కింద నాలుగు శాతానికి మించకూడదు. వృద్ధులకూ ఇతర జబ్బులతో బలహీనంగా ఉన్నవారికీ మధ్యలో సగం సమయం ఉన్నా చాలు, కింద మాత్రం ఒక్క శాతం లోపే ఉండాలి. ఈ చివరి మాట మన ఇళ్లలో గట్టిగా వినబడాలి. డెబ్బై దాటిన పెద్దాయన చక్కెర కాస్త ఎక్కువుంటే అందరూ కంగారుపడతారు. శనివారం ఒంటిపూట భోజనం చేసి, రాత్రి మాత్ర యథాప్రకారం వేసుకుని, తెల్లవారుజామున తూలిపడితే వయసు మీద పడిందనుకుని వదిలేస్తారు.

ఇన్ని అంకెలు చేతికొస్తే జబ్బు దానంతటదే అదుపులోకి వస్తుందా? రాదని చెప్పే ఆధారం ఉంది. నా వాదనకు కీలకం కూడా ఇక్కడే. అమెరికాలోని నార్త్ కరోలినాలో ఇన్సులిన్ వాడని 450 మంది టైప్ 2 రోగులతో చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. కొందరు అసలు పరీక్ష చేసుకోలేదు, కొందరు రోజూ చేసుకున్నారు, మరికొందరికి మీటరే అంకెతో పాటు ప్రోత్సాహక సందేశం చూపించింది. ఏడాది తర్వాత మూడు గుంపుల హెచ్‌బీఏ1సీలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. వేలు గుచ్చుకున్న నొప్పి, స్ట్రిప్పుల ఖర్చు దండగేనా అనిపించే ఫలితమిది. దీని పక్కనే 2011లో వచ్చిన మరో అధ్యయనాన్ని పెట్టి చూడాలి. అందులో 483 మంది. వారూ ఇన్సులిన్ మొదలుపెట్టని టైప్ 2 వారే. ఒక గుంపువారు డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు వరసగా మూడు రోజులు, రోజుకు ఏడుసార్లు షుగర్ చూసుకుని, తిన్నదెంతో, ఒంట్లో ఎలా ఉందో కూడా ఒక కాగితం మీద నింపారు. ఆ కాగితాన్ని ఎలా చదవాలో రోగికీ వైద్యుడికీ ఇద్దరికీ నేర్పారు. మొదటి నెల విజిట్‌లోనే ఆ గుంపులో నలుగురిలో ముగ్గురికి వైద్యం మార్చాలని డాక్టర్లు సూచించారు. మామూలు పద్ధతిలో నడిచిన గుంపులో అది నలుగురిలో ఒకరికి కొంచెం పైన. ఏడాది గడిచేసరికి మొదటి గుంపులో హెచ్‌బీఏ1సీ 1.2 తగ్గింది, రెండో గుంపులో 0.9. తేడా బ్రహ్మాండమైనదేమీ కాదు, కానీ అది నిజమైన తేడా. పైగా అక్కడ వాడింది సెన్సరు కాదు, యాప్ కాదు, కాగితం. మొదటి అధ్యయనంలో అంకె రోగి దగ్గరే తిరిగింది. రెండోదానిలో అది ఇద్దరి మధ్యకు వచ్చి ఒక నిర్ణయంగా మారింది.

సెన్సర్లకూ ఇదే వర్తిస్తుంది. రోజుకు ఒకటి రెండుసార్లు ఇన్సులిన్ తీసుకునే 175 మంది టైప్ 2 రోగులతో జరిగి, 2021లో వెలువడిన అధ్యయనంలో సెన్సర్ వాడినవారి హెచ్‌బీఏ1సీ ఎనిమిది నెలల్లో 9.1 నుంచి 8.0కి దిగింది. వేలు గుచ్చి చూసుకున్నవారిలో 9.0 నుంచి 8.4కి దిగింది. మరోవైపు, పరికరాలున్న టైప్ 1 రోగులు తమ డేటాను ఇంట్లో దింపుకుని వెనక్కి తిరిగి చూసుకుంటున్నారా అని 2015 ప్రాంతంలో అమెరికాలో ఆరా తీస్తే, క్రమం తప్పకుండా ఆ పని చేస్తున్న పెద్దవాళ్లు వందలో పన్నెండు మందే. మిగతావారిది సోమరితనం అనుకోవడం తేలికే కానీ, అప్పట్లో ఒక్కో కంపెనీకీ ఒక్కో కేబులు, ఒక్కో సాఫ్ట్‌వేరు. ఒక కంపెనీ మీటరు డేటా మరో కంపెనీ ఇన్సులిన్ పంపు డేటాతో కలిసేది కాదు. ఆ గోడల్ని ముందు కదిలించింది రోగుల కుటుంబాలే. 2013లో న్యూయార్క్ రాష్ట్రంలో జాన్ కోస్టిక్ అనే ఇంజినీరు, షుగర్ ఉన్న తన పసివాడి సెన్సర్ అంకెల్ని ఇంటర్నెట్‌కు ఎక్కించే ప్రోగ్రాం రాసుకున్నాడు. బాబు దూరంగా ఉన్నా తను పని చేసుకుంటూనే వాడి షుగర్ చూడగలగాలన్నది ఆయన ఆశ. అది చేతులు మారి, ‘నైట్‌స్కౌట్’ పేరుతో ఎవరైనా ఉచితంగా వాడుకోగల వ్యవస్థ అయింది. ఇక వేచి ఉండం అన్నది ఆ తల్లిదండ్రుల నినాదం. మరుసటి ఏడాదే సెన్సర్ కంపెనీ కూడా దూరం నుంచి చూసే సదుపాయానికి అమెరికా ప్రభుత్వ అనుమతి పొందింది. డేటా ఎవరి ఒంటిదో వారిదేనన్న మాట ఈ రంగంలో గట్టిగా పలికింది అప్పుడే.

డాక్టర్ల వైపు నుంచి వచ్చే అభ్యంతరం న్యాయమైనది. ఒక పూటలో వందమందిని చూసే ఆసుపత్రిలో పద్నాలుగు రోజుల పటం చదివే తీరిక ఎక్కడిది? చదవకుండా దగ్గరుంచుకున్నాక ఏమైనా జరిగితే, మీకు తెలిసీ పట్టించుకోలేదని నింద పడదా? మొదటి ప్రశ్నకు కొంత జవాబు ఆ ఒక్క పేజీ పటమే. అలవాటైన కన్ను ముందు కింది గుంటల్ని చూస్తుంది, తర్వాత మధ్యగీతనూ, చివరికి గీతలు ఎంత వెడల్పుగా చెదిరాయో చూస్తుంది. ఇది రెండు నిమిషాల పని. ఆ పటాన్ని ముందే తీసిపెట్టి, ఏ రోజు ఏం జరిగిందో రోగిని అడిగి రాసిపెట్టే పని నర్సు చేయగలరు, శిక్షణ ఇస్తే ఏఎన్ఎం చేయగలరు. ఆ మనిషికి జీతమివ్వకుండా యాప్ మాత్రం కొంటే ప్రయోజనం లేదన్నది కూడా ఒప్పుకోవాలి. రెండో ప్రశ్నకు జవాబు ఒప్పందంలో ఉంది. పంపిన డేటాను క్లినిక్ ఎప్పుడు చూస్తుందో, ఎప్పుడు చూడదో మొదటి రోజే నోటితో చెప్పాలి, కాగితం మీద రాసివ్వాలి. రాత్రి పన్నెండుకు షుగర్ 45కి పడితే అవతల కంప్యూటర్ ముందు ఎవరూ కూర్చుని లేరని రోగికి స్పష్టంగా తెలియాలి. అప్పుడు చేయాల్సింది గ్లూకోజ్ తాగడం, ఇంట్లోవారిని లేపడం. 2019 నవంబరు చివర అమెరికాలో ఒక పెద్ద సెన్సర్ కంపెనీ సర్వర్లు స్తంభించి, పిల్లల షుగర్ పడితే మోగే హెచ్చరికలు తల్లిదండ్రుల ఫోన్లకు అందకుండా పోయాయి. డేటా పంపడాన్ని కాపలాగా భావించి నిద్రపోవడం ఎంత ప్రమాదమో ఆ రాత్రులు చూపించాయి.

ఇంకో అభ్యంతరం రోగి మనసుది. ప్రతి ముద్దా ఎవరో లెక్కపెడుతున్నట్టుంటే బతకడం ఎలా? ఇది తెలుగు కుటుంబాలకు దూరపు సంగతి కాదు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న తల్లిదండ్రుల సెన్సర్ అంకెల్ని డల్లాస్‌లో కూతురు ఫోన్‌లో చూడగలిగే రోజులివి. ఒంటరిగా ఉన్న తల్లికి రాత్రి షుగర్ పడితే పక్కింటివారికి ఫోన్ చేయగలగడం ప్రాణాలు నిలిపే సదుపాయం. అదే కూతురు భోజనం అయిన గంటకు ‘అమ్మా, 210 ఉంది, ఏం తిన్నావు?’ అని రోజూ అడిగితే ఆ తల్లి నాలుగు వారాల్లో సెన్సర్ తీసి పక్కన పెడుతుంది. భోజనం తర్వాత కాసేపు గీత లేవడం సహజమని కూడా ఆ ఫోన్ చెప్పదు. అందుకే ఎవరు ఏ హెచ్చరికలు చూడాలో ముందు ఆమె నిర్ణయించాలి. షుగర్ 70 కిందికి పడితేనే కూతురికి మోగాలని, మిగతాదంతా తనకూ డాక్టరుకూ మధ్యేనని ఆమె అంటే, అలాగే పెట్టాలి. డాక్టరుతోనూ ఇంతే. రిపోర్టు తెరవగానే ముందు రోగిని చెప్పనివ్వడం ఒక మంచి పద్ధతి: ‘ఈ పటంలో మీకేం కనిపిస్తోందమ్మా?’ ఆ ఒక్క ప్రశ్నతో పరీక్ష రాసిన విద్యార్థిలా కూర్చున్న మనిషి, వైద్యంలో పాలుపంచుకునే మనిషి అవుతుంది.

గోప్యత గురించిన భయాన్ని కొట్టిపారేయకూడదు. ఎప్పుడు తింటాం, ఎప్పుడు పడుకుంటాం, ఏ రోజు ఉపవాసం ఉన్నాం అన్నవి షుగర్ గీతలో చాలావరకు బయటపడతాయి. అది బీమా కంపెనీ చేతికో, ఉద్యోగమిచ్చే సంస్థ చేతికో వెళ్తే నష్టం రోగికే. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కొన్ని మినహాయింపులు తప్ప సమ్మతి లేకుండా మన సమాచారాన్ని వాడకూడదంటుంది, ఇచ్చిన సమ్మతిని అంతే తేలిగ్గా వెనక్కి తీసుకునే హక్కూ ఇస్తుంది. 2021లో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లోనూ మన పద్నాలుగు అంకెల ఆభా ఆరోగ్య ఖాతా సంఖ్య కింది రికార్డులు మన అనుమతితోనే ఒక ఆసుపత్రి నుంచి మరొకదానికి వెళ్లాలన్నది నియమం. నియమం కాగితం మీద ఉన్నంత గట్టిగా కౌంటర్ దగ్గర ఉండదు కనుక, రోగి రెండు విషయాలు తప్పకుండా అడగాలని నా సలహా: నా డేటా మీతో పాటు ఇంకెవరు చూస్తారు, డాక్టరును మార్చుకున్నప్పుడు మీ దగ్గర నుంచి దాన్ని ఎలా తీసేయించుకోవాలి. జవాబు చెప్పలేని చోట యాప్ అనుసంధానం చేయకుండా రిపోర్టు ప్రింటు తీసి చూపించినా వైద్యానికి లోటేమీ రాదు.

ఖర్చు మాటకొస్తే, పద్నాలుగు రోజులు పనిచేసే సెన్సరుకు వేల రూపాయలవుతుంది. ఏడాది పొడవునా వాడటం మనలో చాలామందికి కుదరదు, అవసరమూ ఉండదు. టైప్ 1 పిల్లలకు, గర్భిణులకు, ఇన్సులిన్ మీదుండి తరచూ షుగర్ పడిపోయేవారికి అది ప్రభుత్వ పథకాల్లోకి రావాలని గట్టిగా అడగాలి. ఇంగ్లండ్‌లో టైప్ 1 ఉన్న పెద్దవాళ్లందరికీ సెన్సర్ ఇవ్వాలని 2022లోనే సిఫారసు వచ్చింది. మిగతావారికి కాగితం పద్ధతి ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్లే వారంలో ఏవైనా మూడు మామూలు రోజులు ఎంచుకుని, మూడు పూటలా తినేముందు, తిన్న రెండు గంటలకు, పడుకునేముందు చూసుకుంటే రోజుకు ఏడు, మొత్తం ఇరవై ఒక్క స్ట్రిప్పులు. ఒక్కోటి పదిహేను, ఇరవై రూపాయల చొప్పున నాలుగు వందల ఇరవైకి మించదు.

వాట్సాప్‌లో మీటరు ఫోటో పంపడం మన దగ్గర ఎలాగూ నడుస్తోంది. 2020 మార్చిలో కేంద్రం ఇచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు కూడా ఆ మాధ్యమాన్ని గుర్తించాయి. లోపమల్లా, ‘236’ అని కనిపించే ఒక్క ఫోటోతో డాక్టరు చేయగలిగింది ఏమీ లేకపోవడం. పరగడుపునా, పెసరట్టు తిన్నాకా? ముందు రాత్రి ఎన్ని యూనిట్లు ఇన్సులిన్ వేసుకున్నారు, లేక వేసుకోవడం మరిచిపోయారా? మూడు రోజుల అంకెలూ ఒకే కాగితం మీద తేదీ, వేళ, తిన్నది, వేసుకున్న మందు, ఒంట్లో తేడా ఉంటే అదీ రాసి, ఆ కాగితాన్ని ఫోటో తీసి విజిట్‌కు రెండు రోజుల ముందు పంపితే చదవడానికి ఏదో ఒకటి ఉంటుంది. సెన్సర్ ఉన్నవారు కూడా పటం పక్కన ఈ వివరాలు రాయాలి. చెయ్యి కింద పెట్టి పడుకుంటే సెన్సర్ నొక్కుకుపోయి లేని తగ్గుదల చూపిస్తుంది. అంకె వేగంగా మారుతున్నప్పుడు రక్తానికీ చర్మం కింది ద్రవానికీ అయిదు నుంచి పదిహేను నిమిషాల తేడా ఉంటుంది. అనుమానం వస్తే వేలు గుచ్చి చూసుకోవాల్సిందే. కాగితం అందుకున్న క్లినిక్ వైపు నుంచి రావాల్సింది కూడా ఒకటుంది: చూశామని ఒక జవాబు, ఏం మార్చాలో ఒక వాక్యం, మార్చనక్కర్లేకపోతే ఎందుకో ఇంకో వాక్యం. అవి రానిచోట రెండోసారి ఇరవై ఒక్కసార్లు వేలు గుచ్చుకోమని ఎవరినీ అడగలేం.